మంద ఎందుకు తరిగింది? పెంటికలో జవాబు

పంట తీసిన చెలకలో గొర్రెల మంద పెట్టించుకోవడం తరిగొప్పుల చుట్టుపక్కల రైతుకూ కాపరికీ మధ్య పాత ఒప్పందం. రాత్రి మంద పడుకున్న చోట తెల్లారేసరికి పెంటికలు పరుచుకుని ఉంటాయి. రైతుకు అది ఎరువు. కాపరికి అది కబురు కూడా. పెంటికలు గట్టిగా, విడివిడిగా, నిగనిగలాడుతూ ఉంటే జీవాలు బాగున్నట్టే. ముద్దకట్టి పడ్డాయంటే తొలకరి పచ్చిగడ్డి ఎక్కువ మేశాయని గానీ, కడుపులో నట్టలు పడ్డాయని గానీ అనుమానం. ఏ గొర్రె తోక కింద జిగట అంటుకుందో చూసి, దాన్ని పట్టి నట్టల మందు పోస్తాడు.

కాపరికి ఒక వసతి ఉంది. జీవం కళ్లముందే ఉంటుంది, కాలు పట్టి లాగితే చేతికొస్తుంది. అడవి జంతువుతో అలా కుదరదు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లోని అడవిదున్న అయినా, పాకాల చుట్టూ తిరిగే చుక్కల దుప్పి అయినా మనిషి అలికిడి వినబడగానే పొదల్లోకి మాయమవుతుంది. అవి ఎన్ని ఉన్నాయి, వాటిలో ఆడవెన్ని, ఎన్ని చూడితో ఉన్నాయి, కడుపునిండా తింటున్నాయా, బెదురుతో బతుకుతున్నాయా? ఒక్క జంతువునూ ముట్టుకోకుండా, చాలాసార్లు కంటితో చూడకుండానే ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పగలమా?

చెప్పగలం. కెనడా మంచు అడవుల్లో కారిబూల కోసం వెతికే శాస్త్రవేత్తలు, హైదరాబాద్ అత్తాపూర్‌లోని ప్రయోగశాలలో మన దుప్పుల మీద పనిచేసినవాళ్లు ఒకే వస్తువును చేతబట్టారు. అది పెంటిక.

పట్టుకుంటే పోయేది ప్రాణమే

క్రిస్మస్ బొమ్మల్లో బండి లాగే రెయిన్‌డీర్ మనకు తెలుసు. ఆ జాతినే ఉత్తర అమెరికాలో కారిబూ అంటారు. జింకల కుటుంబంలో ఆడవాటికి కూడా కొమ్ములు మొలిచే జాతి ఇదొక్కటే. వీటిలో కొన్ని చెట్లు లేని ధ్రువ మైదానాల్లో వేల సంఖ్యలో వలస పోతాయి. మరికొన్ని దట్టమైన అడవుల్లో చిన్నచిన్న గుంపులుగా విడిపోయి, మంచు కింద రాళ్ల మీద, చెట్ల మీద పెరిగే లైకెన్లను మేస్తూ చలికాలం గడుపుతాయి. ఈ అడవి కారిబూలు కెనడాలో ముప్పున పడ్డ జాతుల చట్టం కింద చేరాయి. ఆడది ఏడాదికి ఈనేది సాధారణంగా ఒక్క పిల్లనే. అందుకే ఒకసారి తగ్గిన మంద మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

విమానంలోంచి లెక్కపెడదామంటే కొమ్మలు అడ్డం. హెలికాప్టర్‌తో తరిమి, వల వేసి పట్టి, మెడకు రేడియో పట్టీ కట్టే పద్ధతి ఉంది. అది ఎన్నో విషయాలు నేర్పింది, ఇప్పటికీ వాడుతున్నారు. కానీ జింక జాతులను తరిమి పట్టుకోవడం ప్రమాదం. ప్రాణభయంతో శక్తికి మించి పరుగెత్తినప్పుడు కండరాల్లో ఆమ్లం పేరుకుని, కండరమే విరిగి, ఆ విషం రక్తంలో కలిసి మూత్రపిండాలను, గుండెను దెబ్బతీస్తుంది. వదిలేసిన కొన్ని గంటలకో, కొన్ని రోజులకో జంతువు కూలిపోవచ్చు. మన చుక్కల దుప్పి ఈ విషయంలో మరీ సున్నితం. మిగిలిందే యాభై జంతువులైన మందలో పరిశోధన పేరుతో ఒక్క చూడి దుప్పిని పోగొట్టుకున్నా అది తీరని నష్టం.

పైపొరలో పేరు

నెమరువేసే జంతువు పేగు చాలా పొడవు. మేత జారి వచ్చేకొద్దీ పెద్దపేగు చివరి భాగం అందులోని నీటిని పీల్చుకుంటుంది. మిగిలిన పిప్పి పేగు ముడతల్లో గుండ్రటి ఉండలుగా మారుతుంది. ఆ ఉండలు జారేటప్పుడు పేగు లోపలి గోడను రాసుకుంటూ పోతాయి. గోడ మీది కణాలు రోజూ రాలి కొత్తవి పుడుతుంటాయి కాబట్టి, రాలిన కణాలు పేగు జిగటతో కలిసి పెంటిక మీద పలుచని పూతలా అంటుకుంటాయి. పెంటిక లోపలున్నది గడ్డి, పైనున్నది జంతువు. ప్రతి కణంలోనూ ఆ జంతువు డీఎన్‌ఏ మొత్తం ఉంటుంది.

కెనడాలోని ట్రెంట్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఈ పూతను కడిగి డీఎన్‌ఏ తీసే పద్ధతికి పదును పెట్టారు. చలికాలంలో విమానంలోంచి కారిబూలు మంచు తవ్విన గుంటలు, అడుగుల జాడలు కనిపెడతారు. జంతువులు వెళ్లిపోయాక అక్కడ దిగి పెంటికలు ఏరుకుంటారు. మంచులో పడగానే గడ్డకట్టిన పెంటిక చెడిపోదు. డీఎన్‌ఏలో మగతనాన్ని పట్టించే భాగం ఉందో లేదో చూస్తే ఆడదో మగదో తేలుతుంది. ఒక్కో జంతువులో ఒక్కో పొడవున్న మరికొన్ని భాగాలను కలిపి చూస్తే అది ఫలానా జంతువేనని గుర్తుపట్టవచ్చు.

గుర్తు దొరికితే లెక్క దొరుకుతుంది. ఇదెలాగో మన కాపరికి ఇట్టే అర్థమవుతుంది. గుట్ట మీద పెద్ద మంద ఉంది, మొత్తం లెక్కపెట్టలేం అనుకోండి. చేతికి దొరికిన 60 గొర్రెల వీపు మీద రంగు వేసి వదిలేశాం. వారం తర్వాత మళ్లీ 60 కనిపించాయి, వాటిలో 20కి రంగు ఉంది. అంటే చూసిన వాటిలో మూడో వంతు రంగువి. మొత్తం మందలోనూ రంగువి మూడో వంతే అయి ఉండాలి కాబట్టి మంద దాదాపు 180. కారిబూ విషయంలో రంగు పుట్టుకతోనే వేసి ఉంది, దాన్ని చదవడమే పని. రెండుసార్లు పెంటికలు ఏరి, మొదటిసారి కనబడ్డ జంతువులు రెండోసారి ఎన్ని తగిలాయో చూస్తే చాలు. కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో కారిబూ మందల సంఖ్యను, అది పెరుగుతోందా తరుగుతోందా అన్నదాన్ని ఈ దారిలోనే అంచనా కట్టారు.

సంఖ్య చెప్పనిది

ఇక్కడిదాకా వస్తే జనాభా లెక్క తేలుతుంది. కానీ మంద తరిగిందని తెలియడం వేరు, ఎందుకు తరిగిందో తెలియడం వేరు. నా దృష్టిలో పెంటిక అసలు విలువ ఈ రెండో ప్రశ్న దగ్గరే ఉంది.

కారిబూలు అక్టోబరు ప్రాంతంలో జతకడతాయి, మే చివర, జూన్‌లో ఈనుతాయి. చూడి నిలబడాలంటే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ శరీరంలో నెలల తరబడి ఎక్కువగా ఉండాలి. వాడిన హార్మోన్‌ను కాలేయం విరిచి, పైత్యరసంతో కలిపి పేగులోకి పంపుతుంది. ఆ ముక్కలు మేత పిప్పిలో కలిసి బయటికి వస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా ఏరిన ఆడ కారిబూ పెంటికలో అవి నిండుగా ఉంటే అది చూడితో ఉన్నట్టు.

ఇప్పుడు రెండు మందలను ఊహించండి. రెంటిలోనూ శరదృతువు నాటికి పిల్లలు కనబడటం లేదు. మొదటి మందలో చలికాలపు పెంటికలు చూస్తే ఆడవన్నీ దాదాపు చూడివే. అంటే పిల్లలు పుట్టాయి, పుట్టాక పోయాయి. తోడేలో, ఎలుగో, రోగమో వెతకాలి. రెండో మందలో చూడివే తక్కువ. అంటే తల్లులకు ఒంట్లో సత్తువ లేదు. వాటి మేతకు ఏమైందో చూడాలి. బయటికి రెండూ ఒకటే రోగంలా కనిపిస్తాయి. వైద్యం మాత్రం వేరు. మొదటి మందకు కావాల్సింది కాపలా, రెండో మందకు కావాల్సింది మేత. ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేస్తే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది, మందా పోతుంది.

ఆకలా, భయమా?

అల్బర్టా రాష్ట్రంలో తారు ఇసుక నుంచి చమురు తీసే ప్రాంతంలో కారిబూలు తగ్గిపోతున్నప్పుడు చాలామంది వేలు చూపింది తోడేళ్ల వైపు. ఆ వాదనకు ఆధారం లేకపోలేదు. పాత అడవి నరికిన చోట లేత మొక్కలు మొలుస్తాయి. వాటి కోసం దుప్పులు, మూస్ అనే పెద్ద జింకలు వస్తాయి. వాటి వెనకే తోడేళ్లు పెరుగుతాయి. చమురు అన్వేషణకు అడవిలో నిలువునా కొట్టిన తిన్నని దారులు తోడేళ్లకు రహదారులవుతాయి. ఎక్కడో లోపల దాక్కున్న కారిబూ కూడా వాటి దారిన పడుతుంది.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ వాసర్ బృందం అక్కడికి కుక్కలను తీసుకెళ్లింది. ఆ కుక్కలు దిక్కులేని కుక్కల శాలల నుంచి తెచ్చినవి. ఇంట్లో పెంచుకోవడానికి పనికిరానంత హుషారైనవి, బంతి కోసం ఏమైనా చేసేవి. పేడ వాసన కనిపెడితే బంతి ఆట బహుమతి. మూడు చలికాలాల్లో అవి కారిబూ, మూస్, తోడేలు విసర్జితాలను వందల చోట్ల పట్టించాయి. ఫలితాలు 2011లో అచ్చయ్యాయి.

పెంటికలో వాళ్లు రెండు హార్మోన్లను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటి కార్టిసాల్ వర్గానిది. జంతువు బెదిరినా పెరుగుతుంది, పస్తున్నా పెరుగుతుంది. అదొక్కటే చూస్తే ఆకలో భయమో తేల్చలేం. రెండోది థైరాయిడ్ హార్మోన్. మేత చాలనప్పుడు శరీరం తన ఖర్చు తగ్గించుకోవడానికి దీన్ని కిందికి దించుతుంది, ఉత్త బెదురుకు అది అంతగా కదలదు. రెండూ కలిపి చదివితే మర్మం విడుతుంది. యంత్రాలు, వాహనాలు, మనుషులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో కారిబూలకు బెదురూ ఎక్కువే, మేత కరువూ ఎక్కువే. పనులు తగ్గి మనుషులు వెనక్కి పోయాక రెండూ తేరుకున్నాయి. తోడేళ్ల విసర్జితాల్లో బయటపడ్డ తిండి ఎక్కువ భాగం దుప్పులది, కారిబూది కొద్దిపాటే. అక్కడ మొదట సరిచేయాల్సింది మనుషుల రాకపోకలు, అడవిని వాడుకునే తీరు అని వాళ్లు తేల్చారు.

దీన్ని అన్ని మందలకూ వర్తించే తీర్పుగా తీసుకోకూడదు. బ్రిటిష్ కొలంబియాలోని క్లిన్‌సె-జా మందలో 2013 నాటికి మిగిలినవి 38. అక్కడి ఆదివాసులైన వెస్ట్ మోబర్లీ, సోటో ప్రజలు చూడి కారిబూలను ఈత కాలంలో కొండ మీద కంచె వేసిన దొడ్లోకి చేర్చి, చేత్తో ఏరిన లైకెన్ మేపి, రాత్రింబవళ్లు కాపలా కాశారు. తోడేళ్ల సంఖ్యను కూడా తగ్గించారు. 2022 నాటికి మంద వంద దాటింది. ఆ మందను కాటేసింది వేటాడే జంతువుల ఒత్తిడి, అందుకే ఆ మందు పనిచేసింది.

| రక్తం ఉండగా పెంటిక ఎందుకు? |
|---|
| రక్తం ఆ నిమిషం సంగతి చెబుతుంది. జంతువును పట్టుకున్న కొద్ది నిమిషాలకే భయంతో కార్టిసాల్ ఎగబాకుతుంది కాబట్టి, సూది గుచ్చేసరికి మనం కొలిచేది మనం పుట్టించిన భయాన్నే. పెంటికలో చేరేది అంతకుముందు సుమారు ఒక రోజు కాలపు హార్మోన్ల సగటు. పట్టుకోవడం లేదు కాబట్టి మన భయం అందులో కలవదు. అయితే ఒక షరతు. హార్మోన్ బయటికొచ్చే లోపు కాలేయంలో రూపం మారుతుంది, ఆ మార్పు జాతికో తీరుగా ఉంటుంది. అందుకే ఒక జాతి మీద వాడేముందు, జూలోని జంతువుల మీద పరీక్షను సరిచూసుకోవాలి. |

అత్తాపూర్‌లో జరిగినది

ఆ సరిచూసుకునే పనికి మన దేశంలో ప్రత్యేకంగా కట్టిన చోటు హైదరాబాద్‌లోనే ఉంది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి (సీసీఎంబీ) చెందిన అంతరించిపోతున్న జాతుల పరిరక్షణ ప్రయోగశాల, అందరూ లాకోన్స్ అనే సంస్థ, అత్తాపూర్‌లో నెహ్రూ జూపార్కుకు దగ్గర్లో పనిచేస్తోంది. సీసీఎంబీ శాస్త్రవేత్త లాల్జీ సింగ్ చొరవతో పుట్టిన ఈ ప్రయోగశాలను 2007లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశారు. అంతకు ముందు ఏడాదే ఇక్కడ కృత్రిమ గర్భధారణతో చుక్కల దుప్పి పిల్ల పుట్టింది. స్పాటీ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది ఇదే దారిలో కృష్ణజింక పిల్ల పుట్టింది. ఆడదుప్పి ఎదకు వచ్చే సమయం పసిగట్టకుండా ఈ పని సాగదు. రోజూ పట్టుకుని రక్తం తీస్తే అది బెదిరి ఎదకే రాదు. దాని ఎద చక్రం చదవడానికి శాస్త్రవేత్తలు వాడింది రోజూ ఏరిన పెంటికల్లోని హార్మోన్లనే.

ఇదే ప్రయోగశాల 2010లో జూపార్కుతో, కేంద్ర జూ ప్రాధికార సంస్థతో కలిసి మూషిక జింకల పెంపకం మొదలుపెట్టింది. బరువు మూడు కిలోల దరిదాపు, ఎత్తు అడుగుకు మించదు. కొమ్ములుండవు. రాత్రిపూట ఒంటరిగా తిరుగుతుంది. ఇంత పిరికి జంతువు పెంపకంలో చూడి కట్టడమే గొప్ప. ఆడది ఈనిన కొద్ది గంటల్లోనే మళ్లీ జతకట్టగలదు, ఐదు నెలలకు మళ్లీ ఈనగలదు. ఈ లక్షణం తెలుసుకుని మగ, ఆడలను ఎప్పుడు కలపాలో, ఎప్పుడు విడదీయాలో కుదురుకున్నాక కొద్ది జంతువులతో మొదలైన గుంపు వందల్లోకి చేరింది. 2017లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో కొన్నిటిని వదిలారు. నేరుగా అడవిలోకి తోలలేదు. ముందు అడవిలోనే కంచె వేసిన జాగాలో ఉంచి, అక్కడి ఆకూ పండూ తినడం, దాక్కోవడం అలవాటయ్యాక తలుపు తీశారు.

కెనడా ఇప్పుడు అడుగుపెడుతున్నది ఈ బాటలోనే. జాస్పర్ జాతీయ ఉద్యానంలో మాలీన్ మంద అంతరించిందని 2020లో తేల్చారు. అప్పటికి మిగిలిన రెండు మందల్లో ఒక్కోదానిలో ఈనగల ఆడవి పదికంటే తక్కువగా ఉండేవి. వాటంతట అవి కోలుకోలేవని అర్థమై, అడవి ఆడ కారిబూలను తెచ్చి పెంచే కేంద్రం అక్కడే కట్టారు. జాస్పర్ మందల లెక్కను ఏళ్లుగా అందించింది పెంటికల డీఎన్‌ఏనే. మంద ఈ స్థితికి జారాక కేంద్రం కట్టడం తప్పనిసరే, కానీ ముందే కారణం పట్టుకుని ఉంటే అది అవసరపడేది కాదేమో. కెనడా ప్రభుత్వం 2012లో వేసిన లెక్క ప్రకారం, కారిబూ మంద తన కాళ్ల మీద నిలబడే అవకాశం 60 శాతం ఉండాలన్నా దాని నివాసంలో కనీసం 65 శాతం చెక్కుచెదరకుండా ఉండాలి.

మన ఎండ, మన పేడపురుగు

మంచులో కుదిరింది మన అడవిలో అంత సులువుగా కుదరదు. వాన పడితే పైపూత కడుక్కుపోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు డీఎన్‌ఏను ముక్కలు చేస్తాయి. తేమకు బూజు పడుతుంది. వీటన్నిటి కంటే ముందే పేడపురుగులు, చెదలు పని మొదలుపెడతాయి. అందుకే ఇక్కడ పెంటిక ఏరే కాలం చలికాలం నుంచి వేసవి మొదలు దాకా, ఏరే వేళ తెల్లవారుజాము. తడి పీల్చే సిలికా గుళికల్లోనో, ఆల్కహాల్‌లోనో అప్పటికప్పుడే వేసేయాలి.

ఇంకో చిక్కు ఉంది. మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఊరి పశువులు కూడా మేస్తాయి. అడవిదున్న వేసేది పెంటిక కాదు, బర్రె వేసినట్టే పేడ. ఎండిపోయాక రెంటినీ కంటితో వేరు చేయడం అనుభవజ్ఞులకూ కష్టమే. మేకకు, దుప్పి పిల్లకు మధ్య కూడా అదే తంటా. ఇక్కడ డీఎన్‌ఏ మొదటి పని ఇది ఏ జాతి అని చెప్పడం. 2003లో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ ప్రకటించిన పద్ధతి ఇందుకే పుట్టింది. ఒకే జత రసాయన పనిముట్లతో దాదాపు ఏ జంతువు కణజాలం నుంచైనా దాని జాతి పట్టేయవచ్చు. వేటగాళ్ల దగ్గర దొరికిన మాంసం మేకదా, దుప్పిదా అని కోర్టులో తేల్చడానికి అటవీశాఖలు ఇప్పటికీ సీసీఎంబీ గడప తొక్కుతాయి.

ఏటూరునాగారం, పాకాల అడవులు రెండూ 1952 నుంచి అభయారణ్యాలు. ఇటీవలి ఏళ్లలో గోదావరి తీరం వెంట ఈ అడవుల్లోకి పులులు వచ్చిపోతున్నాయి. ఒక పులికి ఏడాదికి సుమారు 50 దుప్పి పాటి జంతువులు కావాలి. మంద కరగకుండా అన్ని ఇవ్వాలంటే చుట్టూ దాదాపు 500 ఉండాలి. అవి లేకపోతే పులి ఊరి పశువుల మీద పడుతుంది, లేదా వచ్చిన దారినే పోతుంది. కాబట్టి ఇక్కడ దుప్పులు, కణుజులు, అడవిదున్నలు తక్కువగా ఉన్న చోట కారణం ఉచ్చులూ కరెంటు తీగలా, ఊరకుక్కలా, పశువుల నుంచి అంటిన గాలికుంటు లాంటి రోగమా, వేసవిలో గడ్డీ నీరూ లేకపోవడమా అన్నది ముందు తేలాలి. గడ్డి మైదానాలు పెంచడం, నీటి సాసర్ పిట్లు కట్టడం అటవీశాఖ చేస్తున్న మంచి పనులు. తల్లులు బలంగా చూడి కడుతూ పిల్లలు ఉచ్చుల్లో పోతున్న చోట మాత్రం అవి చాలవు, అక్కడ గస్తీ పెరగాలి.

దీనికి కొత్త సైన్యం అక్కర్లేదు. నాలుగేళ్లకోసారి జరిగే దేశవ్యాప్త పులుల గణనలో బీట్ సిబ్బంది రెండు కిలోమీటర్ల తిన్నని దారి నడిచి, ప్రతి 400 మీటర్లకు ఆగి, రెండు మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవున్న జాగాలో వంగి పెంటికలు లెక్కపెట్టి రాసుకుంటారు. లెక్కపెట్టిన వాటిలో తాజావి నాలుగు సీసాలో వేసుకుంటే, తేదీ, చోటు రాసి అంటిస్తే, పరీక్షించడానికి ఏటూరునాగారానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో అత్తాపూర్ ఉంది. ఏటూరునాగారం నుంచి మొదట పంపాల్సింది అడవిదున్నల పేడ అని నా అభిప్రాయం. గుంపు చిన్నది, ఈత నెమ్మది, పోతే తెచ్చుకోవడం కష్టం. ఫిబ్రవరిలో ఏరిన పేడలో అడగాల్సిన తొలి ప్రశ్న కూడా సూటిదే: ఈనగల ఆడదున్నల్లో ఈ ఏడాది చూడివి ఎన్ని?